పిల్లల హ్రస్వదృష్టి: అద్దాలు పెట్టించాక మిగిలే పని

ఐదో తరగతి చదివే అమ్మాయి బోర్డు మీది లెక్కను పక్కపిల్ల నోటుపుస్తకంలో చూసి ఎక్కించుకుంటూ ఉంటుంది. టీచరు దాన్ని అశ్రద్ధ అనుకుంటారు. ఇంట్లోవాళ్లకు సంగతే తెలియదు. లోకం అందరికీ ఇంతే మసకగా కనిపిస్తుందని ఆ పిల్ల నమ్ముతూ ఉంటుంది. నేనూ ఏడో తరగతి దాకా అలాగే నమ్మాను. మొదటిసారి కళ్లజోడు పెట్టుకున్న రోజున, బస్సు మీద రాసిన ఊరి పేరును అది దగ్గరికి రాకముందే చదవవచ్చని తెలిసి ఆశ్చర్యపోయాను. ఆ తరువాత ఏటా నంబరు పెరిగింది, ఏటా అద్దాలు మార్చారు, చివరికి అది మైనస్ 8 దగ్గర ఆగింది. అద్దాలు చూపును సరిచేస్తాయే తప్ప కన్ను సాగిపోవడాన్ని ఆపవనీ, ఆ సాగడాన్ని నెమ్మదింపజేసే ప్రయత్నం వేరుగా చేయాలనీ ఆ రోజుల్లో మాకు ఎవరూ చెప్పలేదు. అప్పట్లో చెప్పడానికి వైద్యుల చేతిలో పెద్దగా మార్గాలు కూడా లేవు. ఇప్పుడు ఉన్నాయి కనుక, పిల్లలున్న ప్రతి ఇంటికీ ఇవి తెలియాలన్న కోరికతో రాస్తున్నాను.

కంటిలో జరిగేది ఏమిటి

మనం వాడుకలో 'సైటు వచ్చింది' అనేదాన్ని పాఠ్యపుస్తకాలు హ్రస్వదృష్టి అంటాయి, వైద్యులు మయోపియా అంటారు. దగ్గరి వస్తువులు స్పష్టంగానే ఉంటాయి, దూరపువి మసకబారతాయి. నలభై దాటాక పేపరు చదవడానికి చేయి చాచవలసి రావడం ఇది కాదు. అది చత్వారం, దాని కారణం వేరు, దాని అద్దాలు వేరు.

పుట్టినప్పుడు మన కనుగుడ్డు ముందు నుంచి వెనక్కి సుమారు 17 మిల్లీమీటర్ల పొడవు ఉంటుంది, పెద్దయ్యేసరికి సుమారు 24 మిల్లీమీటర్లకు చేరి ఆగుతుంది. కొందరు పిల్లలలో ఆ పెరుగుదల ఆగవలసిన చోట ఆగదు. కన్ను పొడవుగా సాగిపోవడంతో, దూరం నుంచి వచ్చిన కిరణాలు కంటి వెనక బొమ్మ పడే పొర అయిన రెటీనా మీద పడకుండా దానికి ముందే ఒకచోట కలిసిపోతాయి. పెద్దల కంటిలో ఒక్క మిల్లీమీటరు అదనపు పొడవు సుమారు మైనస్ 2.5 నుంచి మైనస్ 3 వరకు పవర్‌గా తేలుతుందంటే, ఎంత చిన్న తేడా ఎంత చూపును తినేస్తుందో ఊహించవచ్చు. పుటాకార కటకం, అంటే నడుమ పలుచగా అంచుల దగ్గర మందంగా ఉండే అద్దం, కిరణాలను కాస్త విడదీసి పంపి వాటిని మళ్లీ రెటీనా మీదికి చేరుస్తుంది.

చీటీ మీది నంబరుకు అర్థం కూడా ఇక్కడే ఉంది. 100ని ఆ నంబరుతో భాగిస్తే, అద్దాలు లేకుండా ఎన్ని సెంటీమీటర్ల వరకు స్పష్టంగా కనిపిస్తుందో వస్తుంది. మైనస్ 2 ఉన్నవారికి 50 సెంటీమీటర్లు, మైనస్ 4 ఉన్నవారికి 25 సెంటీమీటర్లు. మైనస్ 6, అంతకు మించినదాన్ని అధిక హ్రస్వదృష్టిగా లెక్కిస్తారు. చీటీలో 'స్ఫియర్' అన్న గడిలో ఉండేది ఈ నంబరే. 'సిలిండర్', 'యాక్సిస్' గడులు నల్లగుడ్డు (కంటి ముందుభాగాన ఉండే పారదర్శక పొర, కార్నియా) వంపులోని అసమానతకు సంబంధించినవి, అవి చాలామందికి తోడుగా ఉంటాయి.

పెరిగిన ఎత్తు తగ్గనట్లే సాగిన కన్ను తిరిగి కురచ కాదు. పొన్నగంటి కూర, క్యారెట్, గుడ్డు, మునగాకు మంచి ఆహారమే. విటమిన్ ఎ లోపిస్తే రేచీకటి వస్తుంది కనుక వాటిని పిల్లలకు తప్పక పెట్టాలి. అయితే అవి మైనస్ నంబరును తగ్గించవు. కంటి వ్యాయామాలతో కళ్లజోడు తీసేయిస్తామనే వీడియోల సంగతీ అంతే. వాటి మీద నమ్మకంతో రెండేళ్లు గడిపేస్తే, చికిత్స బాగా పనిచేసే వయసు చేజారిపోతుంది. నన్ను అన్నిటికంటే బాధించే నష్టం ఇదే.

ఇంట్లో గుర్తించడం, ఆసుపత్రిలో తేల్చడం

కళ్లు చికిలించడం, టీవీ దగ్గరికి జరగడం, పుస్తకాన్ని ముఖానికి ఆనించి చదవడం, తరచూ తలనొప్పి అనడం తెలిసిన గుర్తులే. తెలియకుండా తప్పిపోయేది ఒక కన్ను మాత్రమే బలహీనంగా ఉన్న పిల్లల సంగతి. రెండో కన్ను పని నెట్టుకొస్తుంది కనుక ఆ పిల్లలు ఏ ఇబ్బందీ చెప్పరు. అందుకని ఇంట్లో చూసేటప్పుడు ఒక్కొక్క కంటిని విడిగా చూడాలి. గోడ మీది తెలుగు క్యాలెండరుకు నాలుగైదు మీటర్ల దూరంలో పిల్లను నిలబెట్టి, ఒక కన్ను అరచేతితో నొక్కకుండా మూయించి, తేదీ అంకెల కింద చిన్న అక్షరాలలో ఉండే తిథి, నక్షత్రం ఎంతవరకు తెలుస్తున్నాయో అడగండి. తరువాత రెండో కంటితో అడగండి. రెండిటి మధ్య తేడా ఉన్నా, అదే చోటి నుంచి ఇంట్లో మంచి చూపున్నవారు చదవగలిగింది పిల్ల చదవలేకపోయినా వైద్యుడి దగ్గరికి వెళ్లవలసిందే. ఒక కంటిచూపును చిన్న వయసులో సరిచేయకపోతే మెదడు ఆ కంటిని వాడడమే మానుకుంటుంది. ఏడెనిమిదేళ్లు దాటాక దాన్ని తిరిగి దారికి తేవడం కష్టమవుతుంది.

మరో చిన్న పరీక్ష ఉంది. గట్టి అట్టముక్కకు గుండుసూదితో రంధ్రం చేసి, అందులోంచి ఒక కంటితో చూడమనండి. మసకగా ఉన్న అక్షరాలు స్పష్టమైతే అది అద్దాలతో సరయ్యే లోపం కావడానికే ఎక్కువ అవకాశం. ఏమీ మెరుగుపడకపోతే కారణం రెటీనాలోనో మరో చోటో ఉండవచ్చు కనుక ఆలస్యం చేయకూడదు. ఈ రెండూ ఆసుపత్రికి వెళ్లాలా వద్దా అని ఆలోచించేవారిని కదిలించడానికే, అసలు పరీక్షకు బదులు కావు.

ఆసుపత్రిలో పిల్లల విషయంలో పట్టుబట్టవలసింది కంటి కండరాన్ని సడలించే చుక్కల మందు వేసి చేసే పరీక్ష. పిల్లల కంటిలోని కండరం చాలా చురుకైనది. గంటల తరబడి దగ్గరి చదువుతో అది బిగుసుకుపోయి, లేని మైనస్‌ను ఉన్నట్లు, ఉన్నదాన్ని ఎక్కువగా చూపిస్తుంది. కళ్లజోళ్ల దుకాణంలో కంప్యూటర్ ముందు కూర్చోబెట్టి రెండు నిమిషాలలో ఇచ్చే నంబరు ఈ కారణంగానే పిల్లలకు సరిపోదు. మందు వేశాక దగ్గరిది మసకగా, ఎండ భరించలేనంతగా ఉంటుంది. వాడిన మందును బట్టి అది ఒక రోజు నుంచి కొన్ని రోజుల దాకా ఉండవచ్చు కనుక, పరీక్షల ముందు వారంలో కాకుండా సెలవులలో వెళ్లడం మేలు. వీలుంటే కనుగుడ్డు పొడవును కూడా కొలిపించి రాయించుకోండి. ఆ కొలత కాంతితోనే, కంటిని తాకకుండా జరుగుతుంది. నంబరు కంటే ఆ మిల్లీమీటర్ల లెక్కే కన్ను ఎంత వేగంగా సాగుతోందో నమ్మకంగా చెబుతుంది. చీటీలన్నీ ఒక ఫైలులో తేదీల వరుసన పెట్టుకుంటే, ఊరు మారినా, వైద్యుడు మారినా చరిత్ర చేతిలో ఉంటుంది.

పెద్దవారిలో నంబరు హఠాత్తుగా మారితే దాన్ని మామూలు హ్రస్వదృష్టి అనుకోకూడదు. రక్తంలో చక్కెర బాగా పెరిగినప్పుడు చూపు మైనస్ వైపు జరుగుతుంది. కొత్త అద్దాల కంటే ముందు చక్కెర పరీక్ష అవసరం. అరవై దాటిన తాతగారు 'నాకు ఇప్పుడు అద్దాలు లేకుండానే పేపరు కనిపిస్తోంది' అని సంబరపడితే అది చాలాసార్లు శుక్లం ముదురుతోందన్న కబురు. యుక్తవయసులో సిలిండర్ నంబరు మాటిమాటికీ పెరుగుతూ ఉంటే, ముఖ్యంగా ఎలర్జీ దురదతో కళ్లు నలుపుకునే అలవాటున్నవారిలో, నల్లగుడ్డు శంకువులా ఉబ్బే కెరటోకోనస్ ఉందేమో చూడాలి.

హైదరాబాదు మెహిదీపట్నంలోని సరోజినీదేవి ప్రభుత్వ కంటి ఆసుపత్రి, 1987లో అదే నగరంలో మొదలై తరువాత విశాఖపట్నం, విజయవాడలకు విస్తరించిన ఎల్.వి. ప్రసాద్ నేత్ర వైద్య సంస్థ వంటి చోట్ల ఈ పరీక్షలన్నీ దొరుకుతాయి. తెలంగాణలో 2018 ఆగస్టు 15న, ఆంధ్రప్రదేశ్‌లో 2019 అక్టోబరు 10న మొదలైన కంటి వెలుగు కార్యక్రమాలు లక్షలాది మందికి ఉచితంగా పరీక్ష చేసి అద్దాలు ఇచ్చాయి. అది గొప్ప మేలు. అయితే హ్రస్వదృష్టి ఉన్న పిల్లకు ఒక్కసారి జరిగే పరీక్ష చాలదు. ప్రతి ఆరు నెలలకు, మరీ ఆలస్యమైతే ఏడాదికి ఒకసారి చూపించే బాధ్యత ఇంటివారిదే.

ఎందుకు వస్తుంది, రాకుండా ఏం చేయాలి

తల్లిదండ్రులలో ఒకరికి ఉంటే పిల్లలకు వచ్చే అవకాశం పెరుగుతుంది, ఇద్దరికీ ఉంటే ఇంకా పెరుగుతుంది. కానీ వంశం ఒక్కటే కారణమైతే ఒకే తరంలో లెక్క ఇంతగా మారదు. తూర్పు ఆసియా నగరాలలో ఇంటర్ స్థాయి చదువు పూర్తిచేసేవారిలో నూటికి ఎనభై మందికి పైగా హ్రస్వదృష్టి ఉంది. వారి తాతల కాలంలో అలా లేదు. 2050 నాటికి ప్రపంచ జనాభాలో సుమారు సగం మందికి ఇది ఉంటుందని ఆస్ట్రేలియా కంటి పరిశోధకుడు బ్రయన్ హోల్డెన్ బృందం 2016లో అంచనా వేసింది. మారినది జీవన విధానం. పిల్లలు ఎక్కువసేపు దగ్గరి చదువులో, తక్కువసేపు ఆరుబయట ఉంటున్నారు.

ఆరుబయటి వెలుగు కంటి ఎదుగుదలకు కళ్లెం వేస్తుందన్నది ఈ రంగంలో గట్టిగా నిలిచిన విషయం. చైనాలోని గ్వాంగ్‌జౌలో ఒకటో తరగతి పిల్లలకు బడిరోజుల్లో 40 నిమిషాల ఆరుబయటి పీరియడ్ అదనంగా పెట్టి మూడేళ్లు గమనించారు. 2015లో వెలువడిన ఆ ఫలితాలలో, అదనపు పీరియడ్ ఉన్న బడులలో నూటికి 30.4 మందికి, లేని బడులలో 39.5 మందికి హ్రస్వదృష్టి వచ్చింది. తైవాన్ 2010లోనే రోజుకు 120 నిమిషాల ఆరుబయటి కాలాన్ని బడుల విధానంగా చేసుకుంది. వెలుగును కొలిచే లక్స్ లెక్కన తరగతి గదిలో అది కొన్ని వందలు మాత్రమే, బయట నీడలో సైతం అది వేలల్లో ఉంటుంది. ఆ వెలుగుకు రెటీనాలో డోపమైన్ అనే రసాయనం విడుదలై కన్ను సాగడాన్ని అదుపు చేస్తుందని పరిశోధకులు భావిస్తున్నారు. మన ఎండలకు భయపడి మానుకోనక్కర లేదు. ఉదయం, సాయంత్రం, చెట్టు నీడన, టోపీతో ఉన్నా ఫలితం దక్కుతుంది. రోజుకు రెండు గంటలు లక్ష్యంగా పెట్టుకోండి. ఆట ఏదైనా సరే, ఆడకుండా అరుగు మీద కూర్చున్నా సరే, బయట ఉండడమే అసలు సంగతి. ఇది హ్రస్వదృష్టి మొదలవడాన్ని ఆలస్యం చేయడంలో బాగా పనిచేస్తుంది. మొదలైపోయాక పెరగకుండా ఆపడంలో దాని బలం తక్కువ. కాబట్టి అద్దాలు రాని తమ్ముడికి, చెల్లెలికి ఇది మరింత అవసరం.

మనవాళ్లు నెపమంతా సెల్‌ఫోను మీద వేస్తారు. ఫోను తప్పు లేదని కాదు, అది చేతిలో 20 సెంటీమీటర్ల దూరంలో ఉంటుంది కనుక దోషం ఉన్నదే. కానీ ఉదయం ఆరింటికి స్టడీ అవర్‌తో మొదలై రాత్రి పదింటికి స్టడీ అవర్‌తో ముగిసే హాస్టల్ దినచర్యలో, మైదానమే లేని అపార్టుమెంటు బడిలో, పిల్ల కంటికి పుస్తకం కూడా అదే పని చేస్తుంది. ఐఐటీ ఫౌండేషన్ పేరుతో ఆరో తరగతి నుంచే ఆటల పీరియడ్ తీసేసే బడిలో చేర్చేటప్పుడు, ఫీజు గురించి అడిగినంత శ్రద్ధగా పిల్లలు రోజుకు ఎంతసేపు ఆరుబయట ఉంటారని అడగాలని నా అభిప్రాయం. చదివేటప్పుడు పుస్తకం మోచేతి నుంచి పిడికిలి దాకా ఉండేంత దూరంలో ఉండాలి. ఇరవై నిమిషాలకు ఒకసారి తల ఎత్తి కిటికీలోంచి దూరంగా చూడాలి. పడుకుని చదవడం వల్ల వచ్చే చిక్కు కూడా పుస్తకం ముఖానికి చేరువ కావడమే.

అద్దాలు, ఆపై చికిత్స

అద్దాలు పెట్టుకుంటే నంబరు పెరుగుతుందన్నది మన ఇళ్లలో చాలా గట్టి నమ్మకం. పెట్టుకున్నా పెట్టుకోకపోయినా ఎదిగే వయసులో అది పెరుగుతుంది. పెట్టుకోకపోతే చదువు పోతుంది, రోడ్డు దాటడం ప్రమాదమవుతుంది. కావాలని కాస్త తక్కువ నంబరు ఇస్తే పెరుగుదల ఆగుతుందని ఒకప్పుడు వైద్యులలో సైతం కొందరు అనుకునేవారు. మలేషియాలో చేసి 2002లో వెలువరించిన అధ్యయనంలో అలా తక్కువ నంబరు ఇచ్చిన పిల్లలకే మైనస్ ఎక్కువగా పెరిగినట్లు తేలింది. పూర్తి నంబరే ఇప్పించండి. పిల్లలకు సులువుగా పగలని పాలీకార్బొనేట్ అద్దాలు, ముక్కు మీద జారని ఫ్రేము ఎంచుకోండి. ఆడపిల్లకు కళ్లజోడు పెడితే సంబంధాలు రావని దాచిపెట్టే తల్లిదండ్రులకు ఒక మాట: మీ అమ్మాయి రోజూ మసకలో బతకడానికి మీరు ఒప్పుకుంటున్నారని దాని అర్థం.

నంబరు ఏడాదికి అర పాయింటు, అంతకంటే ఎక్కువ పెరుగుతుంటే, ముఖ్యంగా ఎనిమిది తొమ్మిదేళ్లలోపే మొదలైతే, పెరుగుదలను నెమ్మదింపజేసే చికిత్స గురించి వైద్యుడిని మీరే అడగండి. మొదటిది, రాత్రి పడుకునే ముందు వేసే పలుచని అట్రోపిన్ చుక్కలు. హాంకాంగ్‌లో ఈ చుక్కల మీద జరిగిన లాంప్ అనే అధ్యయనంలో 0.01, 0.025, 0.05 శాతం మందులను పోల్చినప్పుడు 0.05 శాతానికి ఎక్కువ ఫలితం కనిపించింది. ఎంత గాఢత అన్నది పిల్లను చూసి వైద్యుడు నిర్ణయించాలి. ఎండ చుర్రుమనడం, దగ్గరి అక్షరాలు కాస్త మసకబారడం దీని ఇబ్బందులు. చుక్కలను అర్ధాంతరంగా ఆపితే పెరుగుదల మళ్లీ జోరందుకోవచ్చు, అందుకని వైద్యుడి మాట ప్రకారం మెల్లగా మానిపించాలి. రెండోది, అద్దంలో నడిభాగం పూర్తి నంబరుతో, చుట్టూ వందలాది సూక్ష్మ కటకాలతో తయారయ్యే కళ్లద్దాలు. హోయా వారి మియోస్మార్ట్, ఎస్సిలార్ వారి స్టెలెస్ట్ ఈ కోవవే. అధ్యయనాలలో ఇవి పెరుగుదలను సుమారు సగానికి తగ్గించాయి. మామూలు అద్దాల కంటే ఖరీదు చాలా ఎక్కువ, మెలకువగా ఉన్నంతసేపూ పెట్టుకుంటేనే ఆ ఫలితం. మూడోది, పగలు పెట్టుకునే ప్రత్యేకమైన మెత్తని కాంటాక్ట్ లెన్సులు లేదా రాత్రి పెట్టుకుని ఉదయం తీసేసే ఆర్థోకె లెన్సులు. శుభ్రత విషయంలో రాజీపడని ఇంటికే ఇవి తగినవి.

ఏదీ పెరుగుదలను పూర్తిగా ఆపదు. అయినా ఒక్క పాయింటు తగ్గించగలిగితే ముందుముందు రెటీనా నడిభాగం దెబ్బతినే ముప్పు సుమారు 40 శాతం తగ్గుతుందని 2019 నాటి విశ్లేషణ ఒకటి లెక్కగట్టింది. మైనస్ 7కు చేరవలసిన పిల్ల మైనస్ 5 దగ్గర ఆగడమంటే పలుచని అద్దాలు మాత్రమే కాదు, అరవయ్యో ఏట చదవగలిగే కళ్లు. స్తోమత లేక ఈ చికిత్సలు కుదరనివారు ఆరుబయటి కాలాన్ని, పూర్తి నంబరును, ఆరు నెలల పరీక్షను వదలకుండా పట్టుకోవాలి.

పెద్దవారు వాడే కాంటాక్ట్ లెన్సుల గురించి ముఖ్యమైనవి రెండు: వాటికి నీరు తగలకూడదు, అవి పెట్టుకుని నిద్రపోకూడదు. కుళాయి నీటితో కడగడం, పెట్టుకుని స్నానం చేయడం, ఈదడం, రాత్రి కోసమే తయారైన ఆర్థోకె కాని లెన్సులతో నిద్రపోవడం నల్లగుడ్డుకు తీవ్రమైన పుండు తెచ్చిపెట్టగలవు. కన్ను ఎర్రబడి నొప్పి పెడితే లెన్సు తీసేసి అదే రోజు వైద్యుడికి చూపించాలి.

లేజర్ శస్త్రచికిత్సకు 18 ఏళ్లు నిండాలి, కనీసం ఏడాదిగా నంబరు నిలకడగా ఉండాలి, నల్లగుడ్డు తగినంత మందంగా, ఆకారంలో లోపం లేకుండా ఉండాలి. గర్భిణులు, పాలిచ్చే తల్లులు వాయిదా వేసుకోవాలి. లాసిక్, స్మైల్, పీఆర్‌కే పద్ధతులలో నల్లగుడ్డు వంపును మారుస్తారు. నంబరు బాగా ఎక్కువైనవారికి, నల్లగుడ్డు పలుచగా ఉన్నవారికి కంటి లోపల ఐసీఎల్ అనే లెన్సు అమరుస్తారు. కొన్నాళ్లు కళ్లు పొడిబారవచ్చు, నలభై దాటాక చదవడానికి చత్వారం అద్దాలు ఎలాగూ వస్తాయి. ఉద్యోగాల కోసం సిద్ధమయ్యేవారు ముందు నోటిఫికేషన్ చదవాలి. రైల్వేలో అసిస్టెంట్ లోకో పైలట్ ఉద్యోగానికి లాసిక్ చేయించుకున్నవారు అనర్హులు.

శస్త్రచికిత్స తరువాత అద్దాలు పోతాయి, కన్ను పొడవు మాత్రం అలాగే ఉంటుంది. మైనస్ 6 దాటినవారి రెటీనా సాగిన గుడ్డలా పలుచబడుతుంది. చిరుగులు పడవచ్చు, నీటికాసులు (గ్లాకోమా), శుక్లం త్వరగా రావచ్చు. అందువల్ల లేజర్ చేయించుకున్నా సరే ఏటా కనుపాప విప్పించి రెటీనా పరీక్ష చేయించాలి. బలహీనమైన చోటు దొరికితే వైద్యుడు అవసరాన్ని బట్టి దాని చుట్టూ లేజర్‌తో గట్టి పరుస్తారు. నంబరు ఎక్కువ ఉన్నంత మాత్రాన కాన్పుకు సిజేరియన్ అవసరం లేదు. అనుమానముంటే నెలలు నిండకముందే రెటీనా చూపించుకుంటే సరిపోతుంది.

కంట్లో హఠాత్తుగా మెరుపులు మెరిసినా, నల్లటి చుక్కలు, పోగులు ఒక్కసారిగా గుంపుగా కనిపించినా, చూపు మీదికి ఒక పక్క నుంచి తెర దిగుతున్నట్లు ఉన్నా అది రెటీనా ఊడుతున్న గుర్తు కావచ్చు. నొప్పి ఉండదు కనుక రేపు చూద్దామనిపిస్తుంది. నడిభాగం ఊడకముందే శస్త్రచికిత్స జరిగితే చూపు నిలిచే అవకాశం ఎక్కువ, కాబట్టి ఆదివారమైనా, పండగైనా, అదే రోజు రెటీనా వైద్యుడున్న ఆసుపత్రికి చేరాలి.